అత్తా, ఉత్తరవు ఇయ్యండి

ఆ రోజు పొద్దున కృత్తిక వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు మాలినికి టీకా వేయించుకుని రావాలి. వచ్చాక, పళని పోయే కొబ్బరినూనె లారీకి బిల్లు అచ్చు వేసి ఇవ్వాలి. ఈలోగా ప్రింటర్ ఆగిపోతే, తను అడగకుండానే అత్తగారి అనుమతి దానంతట అదే వచ్చేయాలి. ఈ చివరి దాంట్లోనే కాస్త మెలిక ఉంది.

ఉడుమలైపేట శివార్లలో వాళ్ళ నూనె మిల్లు. మిల్లు వెనకే ఇల్లు. రెంటికీ మధ్య వాకిలి, వాకిలి పక్కన ఆఫీసు గది, ఆ గదిలో ఒక కంప్యూటర్. విండోస్‌కు డబ్బు కట్టాలని తెలియగానే మామగారు నరసింహన్ ఊరికే వచ్చే లినక్స్ వేయించేశారు. దానికి తగిలించిన ప్రింటర్‌కు కొత్త పెళ్ళికొడుకు లక్షణాలు ఉన్నాయి. కాసేపు బాగానే పనిచేసి, ఏ కారణమూ చెప్పకుండా అలిగి కూర్చుంటుంది. దాన్ని మళ్ళీ లేపాలంటే కంప్యూటర్ పెద్దవాళ్ళ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ అత్తగారు గోవిందమ్మాళ్‌కు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

బీరువా తాళం, పెరటి తలుపు తాళం, జీడిపప్పు డబ్బా, పాస్‌వర్డ్. ఇవి గోవిందమ్మాళ్ చేతిలో ఉండేవి. ప్రింటర్ ఆగినప్పుడల్లా కృత్తిక బిడ్డను చంకన వేసుకుని ఆవిడను వెతుక్కుంటూ పోవాలి. ఆవిడ పశువుల కొట్టంలో ఉంటే కొట్టానికి, పూజలో ఉంటే హారతి అయ్యేదాకా గుమ్మం దగ్గర. ఆవిడ వచ్చి, కుర్చీలో కూర్చుని, కోడలి వైపు కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్క వేలితో ఒక్కో అక్షరం కొట్టేది. ఒక్కో అక్షరానికీ ఒకసారి తలెత్తి కిటికీలోంచి బయటికి చూసేది. ఎవరైనా తొంగి చూస్తున్నారేమోనని ఆ చూపు. ఆ ఎవరైనా ఎవరో కృత్తికకు వేరే చెప్పక్కర్లేదు. మూడేళ్ళ కాపురం, ఒక బిడ్డ, అయినా తను ఇంకా దొంగల జాబితాలోనే ఉంది.

పైగా మామగారు రాత్రి అన్నం దగ్గర మంచిగానే ఒక మాట అన్నారు.

"నీకు చిన్నబిడ్డ ఉండాది. ఈ బిల్లుల కష్టం నీకేంటికమ్మా? రేపటి పళని లోడుకు ఇబ్బంది లేకుండా బిల్లు వస్తే సరి. లేదంటే వచ్చే నెల నుంచి జీతానికి ఒక ఆళును పెట్టేద్దాము."

కంప్యూటర్ డిప్లొమా రెండో ఏడులో పుస్తకాలు మూసి పెళ్ళిపీట ఎక్కిన కృత్తికకు ఆ మంచి మాట గుండెలో దిగింది. ఆ ఇంట్లో ఎవరూ వచ్చి చేతిలో గరిట పెట్టని చోటు ఆ కుర్చీ ఒక్కటే. అది పోతే ఇక మిగిలేది వంటిల్లు, ఉయ్యాల, మళ్ళీ వంటిల్లు.

అందుకే తన పాత క్లాస్‌మేట్ లక్ష్మిప్రియను ఫోన్‌లో పట్టుకుంది. లక్ష్మిప్రియ కోయంబత్తూరులో ఒక కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది.

"దీనికి షెల్ స్క్రిప్ట్ రాసుకో డీ. చెయ్యాల్సిన పనులు వరసగా రాసిపెట్టేస్తే మిషనే చేసుకుంటుంది. ప్రింటర్ ఆగిందా, అదే లేపుతుంది."

"పాస్‌వర్డ్ అడిగితే?"

"దాన్నే అడగమను. మొదటి లైన్లో అది తనను తానే ఎవరు నువ్వు అని అడుక్కోవల్ల. పెద్ద అయితే నేరుగా పనిలోకి పోవల్ల. పెద్ద కాకపోతే ఉత్తరవు అడిగి, తీసుకుని, మళ్ళీ మొదట్నించి రావల్ల. రొంబ సులువు."

ఉత్తరవు అంటే వాళ్ళిళ్ళలో అనుమతి. కృత్తిక మిగిలినదంతా లక్ష్మిప్రియ చెప్పినట్టే రాసింది. పెద్ద పేరు రాయాల్సిన చోట మాత్రం ఎవరినీ అడగలేదు. క్షణం కూడా ఆలోచించకుండా, అక్కడ ఉండవలసిన పేరు రాసేసింది.

ఇంకొక మెరుగు కూడా తనే దిద్దింది. కంప్యూటర్ అడిగిన సంగతి పశువుల కొట్టంలో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకని తన గొంతు రికార్డు చేసి పెట్టింది. వీలైనంత మర్యాదగా, కొంచెం దీనంగా. "అత్తా, ఉత్తరవు ఇయ్యండి." లోడు ఎత్తేవాళ్ళను పిలవడానికి మిల్లు పైకప్పు మీద కట్టిన లౌడ్‌స్పీకర్‌కు దాన్ని కలిపింది.

పొద్దున టిన్నులకు అంటించే చీటీలు అచ్చుకు పెట్టి, అత్తగారికి అన్నీ వివరంగా చెప్పింది.

"మైకులో నా గొంతు వినిపిస్తే వచ్చి మీ మాట కొట్టి, ఈ పెద్ద మీట నొక్కండత్తా. అంతే. మధ్యలో మిషన్ ఆపొద్దు, ఆపితే చెడిపోతుంది."

"మళ్ళీ అడిగితే?"

"మళ్ళీ కొట్టండి."

గోవిందమ్మాళ్ తలూపింది. ఒప్పుకున్న పని మధ్యలో వదిలిపెట్టే అలవాటు ఆవిడకు ఏనాడూ లేదు. ఆ రోజు జరిగిన దానికి అసలు కారణం అదే.

ఆసుపత్రిలో వరస పొడుగ్గా ఉంది. కృత్తిక మాలిని నుదురు పట్టి చూసింది. టీకా వేశాక జ్వరం వస్తుందని తెలుసు. కానీ టీకా వేయకముందే వచ్చిందేమోనని అనుమానం. ఇంకోసారి పట్టి చూసేలోపు ఫోన్ మోగింది. ఎదురింటి జానకమ్మాళ్.

"కృత్తికా, ఏడవొద్దు తల్లీ. నేనుండాను."

"నేనెందుకు ఏడుస్తాను చిన్నమ్మా? టీకాకి వచ్చినాను."

"అట్లనే చెప్పు. మీ అత్త పక్కన ఉంటే అట్లనే చెప్పల్ల." జానకమ్మాళ్ గొంతు తగ్గించింది. "ఆమె పక్కనే ఉండాదా? ఉంటే ఊరికే ఆమా అను, నాకు అర్థమవుతుంది."

సరిగ్గా అప్పుడే నర్సు తలుపులోంచి తల బయటికి పెట్టి, మాలిని తల్లి మీరేనా అని తమిళంలో అడిగింది.

"ఆమా" అంది కృత్తిక, అవునని తమిళంలోనే.

"అయ్యో దేవుడా!" అని ఫోన్ పెట్టేసింది జానకమ్మాళ్.

కృత్తికకు ఏమీ అర్థం కాలేదు. నర్సు పిలిచింది తమ వంతు వచ్చినందుకు కాదు, చీటీ మీద బిడ్డ బరువు రాయడం మరిచినందుకు. మాలినిని తూకం మీద నిలబెడుతుంటే మళ్ళీ ఫోన్. ఈసారి నాన్న అయ్యసామి. పెరియకుళం దగ్గర మామిడితోట ఆయనది. మొక్కు ఉందని ఆ ఉదయమే పళని వచ్చారు.

"ఏమి అడిగినావమ్మా వాళ్ళను? మనింటికి వస్తానని అడిగినావా? దానికి మైకులో పెట్టి ఏడిపించేదా?"

"ఎవరు చెప్పినారు నాయినా మీకు?"

"ఎదురింటామె. ఊరంతా వింటా ఉండాదంట, అత్తా ఉత్తరవు ఇయ్యండి, అత్తా ఉత్తరవు ఇయ్యండి అని పొద్దుట్నించి నువ్వు మొత్తుకుంటా ఉంటే ఆమె గుండె కరగలేదంట!"

"నాయినా, అది నేను కాదు, మిషను. మీరు రావొద్దు."

"రావొద్దని నువ్వు అంటే రావల్ల అని నాకు తెలియదా?"

"ఇప్పుడు మీరు ఎక్కడుండారు?"

"గుండు కొట్టించుకుంటా ఉండా. సగం అయింది. చాల్లే, లేస్తా ఉండా."

కృత్తిక వద్దు వద్దు అనేలోపు ఫోన్ ఆగిపోయింది. వెంటనే మూడోది. పొల్లాచ్చిలో కొబ్బరికాయల బేరానికి పోయిన భర్త జీవ. అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడి అలవాటైన మగవాడి అలసట.

"కృత్తికా, నువ్వు ఎక్కడికి పోవల్లనో పో. అమ్మతో నేను చెప్పుకుంటాను. పెరియకుళం పో, కొడైకానల్ పో. మైకు మాత్రం ఆపు. మన లోడు ఎత్తేవాళ్ళు పని ఆపి నీకోసం బాధపడతా కూర్చున్నారంట."

"ఏమండీ, నేను ఎక్కడికీ పోవడం లేదు! ఆసుపత్రిలో ఉండా!"

"ఆసుపత్రిదాకా పోయిందా?" అన్నాడు జీవ, గొంతు మారిపోయి.

ఆ తరువాత మాలినికి సూది పడింది. మాలిని ఆసుపత్రి కప్పు ఎగిరేలా అరిచింది. కృత్తికకు కూడా అలాగే అరవాలని ఉంది కానీ వయసు అడ్డొచ్చింది. బిడ్డను భుజాన వేసుకుని, దొరికిన ఆటో ఎక్కింది.

వీధి మలుపు తిరగకముందే తన గొంతు తనకు ఎదురొచ్చింది.

"అత్తా, ఉత్తరవు ఇయ్యండి."

కాస్త ఆగి మళ్ళీ. రికార్డు చేసేటప్పుడు మర్యాద అనుకున్నది, లౌడ్‌స్పీకర్‌లో పడేసరికి పచ్చి ఏడుపులా ఉంది. టీ కొట్టు దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని మిల్లు వైపే చూస్తున్నారు. ఆటో డ్రైవరు తల వెనక్కి తిప్పకుండానే అన్నాడు.

"ఎవురో పాపం, పొద్దుట్నించి అడుగుతానే ఉండాది. ఇట్లాంటి అత్తలు ఇంకా ఉండారమ్మా లోకంలో."

"ఇక్కడే ఆపండి" అంది కృత్తిక, గొంతు గుర్తుపడతాడేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. లోడు సగమే ఎక్కింది. మిగతా సగానికి చీటీలు లేవు. డ్రైవరు మునిసామి పాపభీతి ఉన్న మనిషి. ఆమెను చూడగానే బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, బిల్లు లేకుండా బండి తీయలేను. పోనీ మీరు కూడా వస్తానంటే చెప్పండి. ముందు సీట్లో చోటుంది. పళనిలో దించేస్తాను, ఎవరికీ చెప్పను."

కృత్తిక ఆఫీసు గదిలోకి పరుగెత్తింది.

గది నిండా ఆడవాళ్ళు. ముందు వరసలో జానకమ్మాళ్, న్యాయం చెప్పడానికి వచ్చిన ముఖంతో. గుమ్మం దగ్గర నరసింహన్ చేతులు వెనక్కి కట్టుకుని, మంచినీళ్ళు రాని వీధిలో పంచాయతీ మెంబరులా అటూ ఇటూ తిరుగుతున్నారు. వీళ్ళందరి మధ్య, కంప్యూటర్ ముందు, గోవిందమ్మాళ్. ముక్కు మీద చెమట. కొంగు ఎప్పుడో జారిపోయింది. ఒక్క వేలు. ఒక అక్షరం, ఒకసారి కిటికీ వైపు చూపు. మళ్ళీ ఒక అక్షరం.

"అత్తా!"

"ఉండు, మాట్లాడొద్దు, తప్పిపోతుంది" అంది ఆవిడ తిరగకుండా.

అంతలో వెనకనుంచి ఇంకో గొంతు గర్జించింది. అయ్యసామి. తలలో ఎడమ సగం నున్నగా, దాని మీద చందనం. కుడి సగం నిండా జుట్టు. చంకలో పంచామృతం డబ్బా. ఆ అవతారం చూసి మాలిని ఏడుపు ఆపేసింది.

"సంబంధీ!" అన్నారు ఆయన, వియ్యంకుడి వైపు కూడా చూడకుండా గోవిందమ్మాళ్‌నే గురి చూసి. "నా బిడ్డ ఏమి అడిగిందని ఒక్క ఉత్తరవుకు ఇంత ఏడిపిస్తారు? నోరు తెరిచి సరి అంటే ఏమి పోతుంది మీకు?"

గోవిందమ్మాళ్ గిర్రున తిరిగింది.

"ఇస్తానే ఉండానన్నా! పొద్దుట్నించి ఇస్తానే ఉండా! కాఫీ తాగలేదు, ఆవు పాలు పితకలేదు. ఇయ్యమన్నది, ఇచ్చినాను. మళ్ళీ ఇయ్యమన్నది, మళ్ళీ ఇచ్చినాను. నా వేలు చూడండి! ఈ ఊర్లో నా మాట ఒకసారి చెప్తే నిలుస్తుంది. ఈ మిషన్‌కు మాత్రం నా ఉత్తరవు చాల్లేదంట!"

"అత్తా, ఉత్తరవు ఇయ్యండి" అంది లౌడ్‌స్పీకర్.

"చూసినారా!" అంది గోవిందమ్మాళ్, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా.

అందరూ తెర వైపు చూశారు. మొదటిసారి ఆవిడ కొట్టిన పాస్‌వర్డ్‌ను కంప్యూటర్ పద్ధతి ప్రకారం తెర మీద చూపకుండా దాచుకుంది. దాచుకుని, ఒప్పుకుంది కూడా. ఆ తరువాత అది పాస్‌వర్డ్ అడగనే లేదు. ఊరికే పిలుస్తోంది, అంతే. అడగని దానికి కొట్టిన జవాబును అది ఎందుకు దాస్తుంది? ఆవిడ కొట్టింది కొట్టినట్టు తెర మీద వేసేసింది. పైనుంచి కిందదాకా, వరసకు ఒకటి చొప్పున, చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాట.

జానకమ్మాళ్ ఇంగ్లీషు కూడబలుక్కోగలదు. కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"ఎన్... ఏ... ఆర్... నర... నరసిం..." ఆగిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అక్కా! ఇది అన్న పేరు గదా!"

గుమ్మం దగ్గర నరసింహన్ నడక ఆగిపోయింది. పెళ్ళయిన నాటినుంచి గోవిందమ్మాళ్ నోట మొగుడి పేరు విన్నవాళ్ళు లేరు. రేషన్ కార్డు ఆఫీసులో అడిగితే పక్కవాళ్ళ చేత చెప్పించేది. గుడిలో అర్చన చేయించేటప్పుడు పూజారికి మిల్లు వైపు చెయ్యి చూపించేది. అటువంటి మనిషి ఆ పేరును తెర నిండా, ఊరి ఆడవాళ్ళందరి ముందూ, తెల్లగా ఆరబెట్టింది.

గోవిందమ్మాళ్ తెరను చూసింది. తనకు తెలిసినవి మీటల మీది పెద్ద అక్షరాలు. ఈ చిన్నవాటిని ఇంతసేపూ మిషన్ సణుగుడు అనుకుంది. ఇప్పుడు సంగతి తెలిసి, ఎర్రబడి, కొంగు తీసి తెర మీద కప్పేసింది.

"ఈ మిషన్ పెట్టినవాడు చెప్పినాడు," అంది నేల చూపులు చూస్తూ. "ఎప్పుడూ ఎవరితోనూ నోటితో చెప్పని మాట ఏదైనా ఉంటే అది పెట్టండి అన్నాడు. నేను నోటితో చెప్పని మాట ఒక్కటే గదా ఉండేది."

"మరి మీకు ఇంగ్లీషు రాదు గదత్తా, ఎట్ల కొట్టినారు?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. కృత్తిక కూడా చూసింది. వాకిలికి అవతల, మిల్లు నుదుటి మీద, ఎర్ర రంగు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోటి మనిషంత ఎత్తు. నరసింహన్ ఆయిల్ మిల్స్. ఇన్నాళ్ళూ ఒక్కో అక్షరానికీ ఒక చూపు. తొంగి చూసే కోడలి కోసం కాదు, తరువాతి అక్షరం కోసం.

కృత్తికకు నవ్వు వచ్చింది, సిగ్గు వచ్చింది, వాటితోపాటు పని కూడా గుర్తొచ్చింది. రెండు మీటలు కలిపి నొక్కింది. లౌడ్‌స్పీకర్ ఆగింది. వీధిలో ఎవరో హమ్మయ్య అనడం లోపలికి వినిపించింది.

లక్ష్మిప్రియకు ఫోన్ చేసి, గట్టిగా వినిపించే మీట నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఉత్తరవు ఇచ్చినా మళ్ళీ మళ్ళీ మొదట్నించి అడుగుతా ఉండాది డీ."

"ఇచ్చినాక అది పెద్ద అయిపోతుంది గదా, ఎందుకు అడుగుతుంది? పెద్ద అని ఏ పేరు పెట్టినావు?"

"గోవిందమ్మాళ్."

అవతల బల్ల మీద తల కొట్టుకున్న చప్పుడు వచ్చింది.

"రూట్ డీ, రూట్! లినక్స్‌లో పెద్ద పేరు ఎప్పుడూ రూటే. మీ అత్త ఉత్తరవు ఇచ్చినప్పుడల్లా అది రూట్ అయి లోపలికి వస్తుంది. వచ్చి, నువ్వు గోవిందమ్మాళా అని చూసుకుంటుంది. కాదు. మళ్ళీ పోయి అడుగుతుంది. ప్రళయందాకా అడుగుతుంది!"

"ఎవరా రూట్?" అని గోవిందమ్మాళ్ ఫోన్ మీదికి వంగింది. "ఈ ఇంట్లో నాకు పైన ఇంకొకరు ఉండారా? నాకు తెలియకుండా ఎవరు పెట్టినారు?"

"మిషన్‌తోనే వస్తుందత్తా."

"ఇంటికి తెచ్చేటప్పుడే చెప్పల్ల గదా!" అంది ఆవిడ నరసింహన్ వైపు చురచుర చూస్తూ. ఊరికే వచ్చే దాంట్లో ఇలాంటిదేదో ఉంటుందని ఆయన తలవంచుకున్నారు.

కృత్తిక తెర మీది కొంగు పక్కకు జరిపి, ఆ ఒక్క పేరు తీసి రూట్ అని రాసింది. స్క్రిప్ట్‌ను మళ్ళీ నడిపింది. లౌడ్‌స్పీకర్ ఒకే ఒక్కసారి, ఆఖరుసారి, ఉత్తరవు అడిగింది. గోవిందమ్మాళ్ అలవాటుగా వేలు ఎత్తింది. చుట్టూ ఉన్న కళ్ళు చూసింది. వేలు దించుకుని కుర్చీలోంచి లేచింది.

"నువ్వే కొట్టు. నాకు ఈ జన్మకు చాలు."

కృత్తిక కూర్చుని, కిటికీ వైపు చూడకుండా కొట్టేసింది. ప్రింటర్ దగ్గింది, మూలిగింది, చీటీలు కక్కింది, వాటి వెనకే బిల్లు. మునిసామి బిల్లు కళ్ళకద్దుకుని బండి ఎక్కాడు. ముందు సీట్లో ఉన్న చోటు వృథా పోలేదు. అయ్యసామి మిగిలిన సగం గుండు కోసం అందులోనే పళని బయలుదేరారు. పోతూ పోతూ పంచామృతం డబ్బా వియ్యపురాలి చేతిలో పెట్టి, ఏమీ జరగనట్టు ముఖం పెట్టారు. సగం గుండు కింద ఆ ముఖం అంతగా నిలబడలేదు.

ఆడవాళ్ళంతా వెళ్ళాక నరసింహన్ మెల్లగా తెర దగ్గరికి వచ్చారు. కొంగు తీసిన తెర మీద తన పేరు ఇంకా వరసలు వరసలుగా ఉంది. గొంతు సవరించుకున్నారు.

"కృత్తికా, ఇది కూడా ఒక కాగితం మీద వేసియ్యగలవా అమ్మా?"

"ఎందుకు మామా?"

"ఊరికే. లెక్కకు." ఏ లెక్కకో ఆయన చెప్పలేదు.

"మరి బిల్లులకు ఆళును పెడతామంటిరి గదా మామా?"

ఆయన నోరు తెరిచేలోపే వంటింట్లోంచి గోవిందమ్మాళ్ జవాబు వచ్చింది.

"ఆళును పెడితే ఆ మాట వాడికి చెప్పొద్దా? ఎవరు చెప్పేది, నేనా? బిల్లులు కృత్తికే వేస్తుంది. బిడ్డను నేను చూసుకుంటాను."

సాయంత్రం జీవ ఇంటికి వస్తూ దారిలోంచి ఫోన్ చేశాడు. గొడవ సద్దుమణిగిందని విని ఊపిరి పీల్చుకున్నాక, ఇంతకీ ఆ పాస్‌వర్డ్ ఏమిటని అడిగాడు. కృత్తిక చెప్పబోయి ఆగింది. అది తనకు మామగారి పేరు. మామగారు ఎదురుగానే కూర్చుని కాగితం చదువుకుంటున్నారు.

"వచ్చేటప్పుడు మన మిల్లు బోర్డు చూసుకుంటా రండి" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.